అడగండి చెబుతాం: మొక్కల జన్యుశాస్త్రంలో వేసవి ఇంటర్న్‌షిప్

డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన శిక్షణ మీద ఈ నెల ప్రశ్నలన్నీ తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచే వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: బీఎస్సీ బోటనీ రెండో ఏడాది. పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఇంటర్న్‌షిప్ అడిగితే అన్నిచోట్లా 'అయిపోయింది' అంటున్నారు. ఎప్పుడు అడగాలి, ఎవరిని అడగాలి?
– విద్యార్థిని, పుత్తూరు

దీనికి అదును అక్టోబరు, నవంబరు. ఏప్రిల్ నాటికి ల్యాబుల్లో బల్లలు నిండిపోయి ఉంటాయి. అప్పుడు అడగడమంటే వాన వెలిశాక విత్తనాల కోసం తిరగడమే.

దేశంలో ఎక్కువమందికి అందే అవకాశం మూడు అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగ్‌రాజ్‌లోని నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్) కలిసి దీన్ని నడుపుతాయి. రెండు నెలల పని, భృతి ఉంటుంది. మార్కులతోపాటు మీరేం చేయదలిచారో చెప్పే చిన్న వ్యాసం, అధ్యాపకుల సిఫారసు లేఖ అడుగుతారు. చాలా దరఖాస్తులు దెబ్బతినేది ఆ రెండింటి దగ్గరే. 'చిన్నప్పటి నుంచి మొక్కలంటే ఇష్టం' అని వ్యాసం మొదలుపెట్టకండి; అందరూ అదే రాస్తారు. ఏ పంట, ఏ లక్షణం, దాని మీద ఏ ప్రశ్న, ఆ ప్రశ్నకు రెండు నెలల్లో ఎంతవరకు జవాబు దొరుకుతుంది అన్నది రాయండి. సిఫారసు లేఖ గడువుకు ముందురోజు అడిగితే 'క్రమశిక్షణ గల విద్యార్థిని' అన్న ముక్కే వస్తుంది. మూడు వారాల ముందే మీ ప్రాక్టికల్ రికార్డు, సెమినార్ కాగితాలు చేతికిచ్చి అడగండి.

సైన్స్ డిగ్రీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఏడాదికి వచ్చే 80 వేలలో 20 వేలు వేసవి పరిశోధన కోసం పెట్టినవి. ప్రాజెక్టు చేసి, గైడ్ సంతకంతో నివేదిక పెడితేనే అవి చేతికొస్తాయి.

ఊరు కదలడం కుదరకపోతే తిరుపతిలోనే ఐసర్ (కేంద్ర సైన్స్ విద్య, పరిశోధన సంస్థ) ఉంది, ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి, వేరుశనగ మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. చెరకు మీద ఆసక్తి ఉంటే పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం. మన రాష్ట్రంలో డిగ్రీ రెండో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి కాబట్టి దాన్నే ఇలాంటి చోట చేస్తే రెండు పనులూ ఒకసారే తీరతాయి. కాలేజీ లేఖ, లాగ్‌బుక్ నమూనా మొదటిరోజే చూపించండి. చివరిరోజు సంతకాల కోసం తిరిగితే మీకూ కష్టం, వాళ్లకూ విసుగు.

ప్రశ్న: అరవైమంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఇద్దరే జవాబిచ్చారు, అదీ కాదని. మెయిల్‌లో ఏం రాయాలి?
– బీఎస్సీ బయోటెక్నాలజీ విద్యార్థి, చిత్తూరు

అరవైమందికీ ఒకే మెయిల్ వెళ్లి ఉంటుంది. 'డియర్ సర్' అని మొదలై, 'మీ గౌరవనీయ ల్యాబ్‌లో' అని సాగితే అది అందరికీ పంచిన కరపత్రమని తెలిసిపోతుంది. అందుకున్నది మేడమ్ అయితే చెప్పనక్కర్లేదు.

ఎనిమిదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరి పరిశోధన పత్రం ఒకటి చదవండి. మొత్తం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఒక బొమ్మ, ఒక పట్టిక అర్థమైతే చాలు. మెయిల్ పది వాక్యాలు దాటకూడదు. మొదటి వాక్యంలో మీరెవరు, ఏ ఏడాది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరు. తర్వాత ఆ పత్రంలో మీకు తట్టిన ప్రశ్న. తర్వాత చేతికి వచ్చిన పనులు: పిపెట్ పట్టడం, జెల్ పోయడం, ఎక్సెల్, ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) ఏదైనా సరే. చేతకానివి చేతనవునని రాయకండి. మొదటిరోజు పిపెట్ చేతికివ్వగానే బయటపడిపోతుంది. బస ఏర్పాటు మీరే చూసుకోగలిగితే ఆ మాట తప్పక రాయండి, ఎందుకంటే చాలాచోట్ల అడ్డం అదే. మార్కుల జాబితా, ఒక పేజీ బయోడేటా ఒకే పీడీఎఫ్‌గా జతచేయండి. పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. మూడోసారి రాయకండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఒక సంస్థ వాళ్లు 15 రోజుల ఆన్‌లైన్ 'జెనెటిక్స్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్' ఇస్తామని 8 వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా?
– ఒక తండ్రి, శ్రీకాళహస్తి

వద్దండీ. ఇంటర్న్‌షిప్ అంటే పనిచేసినవాళ్లకు భృతి ఇవ్వాలి, లేదా ఏమీ తీసుకోకుండా నేర్పాలి. డబ్బు తీసుకుని పాఠం చెబితే అది కోర్సు. కోర్సు చెడ్డదని కాదు, దాన్ని పరిశోధన అనకూడదు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మా అమ్మాయి ఏ నమూనాల మీద పనిచేస్తుంది, ఆ డేటా తర్వాత ఎవరు వాడతారు?' దానికి సూటిగా జవాబు రాకపోతే మీరు కొంటున్నది సర్టిఫికెట్ కాగితమే. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ఆ కాగితాన్ని చూడరు, 'ఏం చేశావు, ఎందుకు తప్పింది' అని అడుగుతారు.

ప్రశ్న: వేసవి రెండు నెలల్లో వేరుశనగలో రెండు రకాలను సంకరం చేసి ఎఫ్1 (మొదటి తరం సంకర) గింజలు తీయాలనుకుంటున్నాను. సాధ్యమేనా?
– బీఎస్సీ అగ్రికల్చర్ విద్యార్థి, చంద్రగిరి

సంకరం చేయడం నేర్చుకోవచ్చు. గింజ మాత్రం చేతికి రాదు. విత్తిన 25–30 రోజులకు పూత, పరాగం రాసిన పువ్వు కాయగా ముదరడానికి మరో 60 రోజులు. మీరు మే మొదటివారంలో చేరేసరికి కుండీల్లో మొక్కలు పూతమీద సిద్ధంగా ఉన్నా జూలై దాకా పీకడానికి లేదు. పైగా మే ఎండలు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గి ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) తక్కువ దిగుతాయి. తిరుపతిలో మే అంటే 40 మామూలే. పొలాల్లో ఆ నెలలో చెనక్కాయ పైరే కనిపించదు. రబీది ఏప్రిల్‌కల్లా పీకేస్తారు, ఖరీఫ్‌ది వానలు పడ్డాక విత్తుతారు.

అయినా చేయి తిరగాలంటే ఇదీ పద్ధతి. సాయంత్రం 4 దాటాక, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచుకోవాలి. రక్షకపత్రాల సందులోంచి పసుపు తొంగిచూస్తుంటుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆనించి పట్టి, సన్నని ఫోర్సెప్స్‌తో ధ్వజాన్ని (పెద్ద రేకును) వెనక్కి మడిచి, బాహువులను (పక్క రేకులను) పక్కకు తీసి, ద్రోణిని (లోపలి పడవలాంటి రేకును) కొస పట్టి వెనక్కి తోస్తే కేసరాలు బయటపడతాయి. పదింటిలో పనికొచ్చే పరాగకోశాలు ఎనిమిది. లెక్కపెట్టి ఎనిమిదీ తీయాలి. ఒకటి మిగిలినా తెల్లారేసరికి అది తన పనిచేసేస్తుంది, మీరు సంకరమనుకున్న కాయ సొంత కాయే అవుతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువ పువ్వులు పోగొట్టుకుంటారు. మొగ్గ కింద కాడలా కనిపించేది కాడ కాదు, దారమంత సన్నని గొట్టం. కీలం దాని లోపలినుంచే ఆకు పంగలో ఉన్న అండాశయం దాకా దిగుతుంది. అది నలిగితే పువ్వు పైకి బాగానే కనిపిస్తుంది, ఊడ మాత్రం రాదు.

మర్నాడు 6, 8 గంటల మధ్య తండ్రి రకం పువ్వు కోసి, ద్రోణిని నొక్కితే బయటికొచ్చే పుప్పొడి ముద్దను కీలాగ్రానికి రాయాలి. ఆ కణుపుకు రంగు దారం కట్టి, తేదీ నోటుబుక్కులో రాసుకోవాలి. అదే మొక్కమీద విచ్చుకున్న మిగతా పువ్వులన్నీ రోజూ పొద్దున్నే తుంచెయ్యాలి. ఒక్క ఆదివారం మానేస్తే ఏ ఊడ ఎవరిదో తేల్చలేరు. వారం, పది రోజుల్లో ఊడ కనిపిస్తుంది. మీ ఇంటర్న్‌షిప్‌లో చూడగలిగింది అంతవరకే.

ఎనిమిది వారాల్లో ముగిసే పని కావాలంటే తల్లిదండ్రుల మార్కర్ సర్వే అడగండి, అంటే సంకరానికి వాడే రెండు రకాల డీఎన్ఏలో తేడా ఉన్న చోట్లు వెతకడం. నారాయణి, ధరణి లాంటి రెండు తిరుపతి రకాలు, 60 ఎస్ఎస్ఆర్ ప్రైమర్లు (డీఎన్ఏలో చిన్న అక్షరాల వరుస మళ్లీమళ్లీ వచ్చే చోట్ల పక్కన అతుక్కునే పొట్టి డీఎన్ఏ ముక్కలు) అనుకుందాం. 120 రియాక్షన్లు, ఒక్కోటి 10 మైక్రోలీటర్లు. రోజుకు 24 చొప్పున పీసీఆర్ (ఆ చోటి డీఎన్ఏకు నకళ్లు తీయడం) వారం పని, ఆ నకళ్లను పరిమాణం ప్రకారం గీతలుగా విడదీసే జెల్లు మరో వారం, మళ్లీ చేయాల్సినవాటికి ఇంకో రెండు వారాలు. సాగులో ఉన్న వేరుశనగ రకాలకు జన్యు మూలం ఇరుకు కాబట్టి తేడా చూపే ప్రైమర్లు కొన్నే దొరుకుతాయి. దాన్ని వైఫల్యం అనుకోకండి. తర్వాత ఆ సంకరంలో ఎఫ్1 నిజమైనదో కాదో తేల్చడానికి ఆ కొన్నే పనికొస్తాయి. పాత సీజన్‌లో ఎవరో చేసిన సంకరాల గింజలుంటే ఆ పరీక్ష కూడా మీరే చేసి రావచ్చు.

ప్రశ్న: తోతాపురి మామిడి ఆకుల నుంచి డీఎన్ఏ తీస్తుంటే ప్రతిసారీ గోధుమరంగు జిగురు ముద్ద వస్తోంది. డీఎన్ఏ కొలిచే నానోడ్రాప్ యంత్రం బోలెడు డీఎన్ఏ ఉందంటుంది, పీసీఆర్‌లో గీత రాదు. ఎక్కడ తప్పు?
– ఎంపీసీ వదిలి బయోటెక్నాలజీకి వచ్చిన విద్యార్థిని, తిరుపతి

ఒకటి కాదు, రెండు తప్పులు కలిసి వచ్చాయి. గోధుమరంగు పాలీఫినాల్స్‌ది. ఆకు నలిగినప్పుడు అవి గాలి తగిలి ఆక్సీకరణ చెంది డీఎన్ఏకు అతుక్కుంటాయి. జిగురు పాలీశాకరైడ్లది. పీసీఆర్‌లో నకళ్లు తీసే ట్యాక్ ఎంజైమును రెండూ పనిచేయనివ్వవు. నానోడ్రాప్ 260 నానోమీటర్ల దగ్గర వెలుతురు పీల్చేదాన్నంతా డీఎన్ఏ కింద లెక్కేస్తుంది, ఆర్ఎన్ఏతో, ఫినాల్స్‌తో సహా. అందుకే ఆ అంకెను ఒంటరిగా నమ్మకండి. 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, 260/230 నిష్పత్తి 2 దగ్గర ఉండాలి. మీది రెండోది 1 కంటే తక్కువ ఉంటుంది, చూసుకోండి. 0.8 శాతం అగరోజ్ జెల్‌లో, పరిమాణం తెలిసిన లాంబ్డా డీఎన్ఏ పక్కన నడిపితే అసలు సంగతి తెలుస్తుంది.

ఆకు దగ్గర మొదలుపెడదాం. ముదురాకు వద్దు, చిలకపచ్చకు తిరుగుతున్న లేతాకు పొద్దున్నే కోయండి. మే నెలలో ప్లాస్టిక్ కవర్లో వేసి బండికి తగిలించుకొస్తే ఆకు ల్యాబుకు చేరేలోపు ఉడికిపోతుంది. ఐస్ పెట్టె లేకపోతే ఆకు బరువుకు పదింతల సిలికా జెల్‌లో వేసి మూతపెట్టండి.

ఆకు కణాలను పగలగొట్టి డీఎన్ఏను బయటికి తెచ్చే సీటాబ్ బఫర్ 100 మిల్లీలీటర్లకు: సీటాబ్ 2 గ్రాములు, 1 మోలార్ ట్రిస్ (పీహెచ్ 8) 10 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ 4 మి.లీ., పీవీపీ 2 గ్రాములు. ఉప్పు మామూలు పద్ధతిలో 1.4 మోలార్, అంటే 8.18 గ్రాములు. మామిడికి 2 మోలార్ చేయండి, 11.69 గ్రాములు. ఉప్పు ఎక్కువుంటే పాలీశాకరైడ్లు ద్రావణంలోనే ఉండిపోతాయి, డీఎన్ఏతో కలిసి కిందికి దిగవు. పీవీపీ ఫినాల్స్‌ను పట్టుకుంటుంది. బీటా మెర్కాప్టోఇథనాల్ వాడేముందే కలపాలి, 100 మి.లీ.కు 200 మైక్రోలీటర్లు. మామిడికి దాన్ని పెంచినా నష్టం లేదు. ముందే కలిపి వారం నిల్వచేసిన బఫర్ ఆక్సీకరణను ఆపదు. ఆ కంపుకు ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

100 మిల్లీగ్రాముల ఆకు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్ఏ వస్తుందనుకోవడమే ఈ ముద్దకు సగం కారణం. పొడిని 65 డిగ్రీలకు వేడెక్కిన బఫర్‌లో వెంటనే కలపండి. 45 నిమిషాలు, పది నిమిషాలకోసారి గొట్టం తలకిందులు చేయండి, గిలక్కొట్టకండి. చల్లారాక సమాన పరిమాణంలో క్లోరోఫాం–ఐసోఅమైల్ ఆల్కహాల్ (24:1), కలిపి సెంట్రిఫ్యూజ్‌లో 12 వేల ఆర్పీఎంలో 10 నిమిషాలు తిప్పండి. పైపొర మాత్రమే తీయండి. మధ్యలో ఉన్న తెల్లటి పొర పిపెట్‌లోకి వచ్చిందంటే ఆశకు పోయినట్టే. చివరి 50 మైక్రోలీటర్లు వదిలెయ్యండి. మామిడికి ఈ క్లోరోఫాం పని రెండోసారి చేయాలి. తర్వాత 0.6–0.7 వంతు చల్లని ఐసోప్రొపనాల్, ఆపైన 70 శాతం ఇథనాల్‌తో రెండు కడుగులు. ముద్దను ఎండబెట్టేటప్పుడు ఇథనాల్ వాసన పోతే చాలు, గాజుపెంకులా ఎండితే మళ్లీ కరగదు. 50 మైక్రోలీటర్ల టీఈ బఫర్‌లో కరిగించి, ఆర్ఎన్ఏను తినేసే ఆర్ఎన్ఏజ్ ఎంజైము వేయండి.

ఇప్పటికే తీసి పెట్టుకున్న నమూనాలను పారేయకండి. ఒకదాన్ని 1:10, 1:50 పలుచన చేసి పీసీఆర్ పెట్టండి. డీఎన్ఏ తగ్గుతుంది, దానితోపాటు అడ్డుకునే పదార్థమూ తగ్గుతుంది. చాలాసార్లు గీత అక్కడే వస్తుంది. నీళ్లతో ఒక నెగెటివ్ గొట్టం, ముందు పనిచేసిన డీఎన్ఏతో ఒక పాజిటివ్ గొట్టం లేకుండా ఏ పీసీఆరూ పెట్టొద్దు. పాజిటివ్‌లోనూ గీత లేకపోతే తప్పు మామిడిది కాదు, మీ రియాక్షన్‌ది.

ప్రశ్న: వేరుశనగ శుద్ధ రకంలో ఎస్ఎస్ఆర్ ప్రైమర్ వేస్తే రెండు గీతలొచ్చాయి. విత్తనం కల్తీ అనుకోవాలా?
– విద్యార్థి, తిరుపతి

తొందరపడకండి. సాగు వేరుశనగ రెండు అడవి జాతులు, అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్ కలిసి పుట్టినది. 40 క్రోమోజోముల్లో సగం ఒకరివి, సగం మరొకరివి. రెండూ దగ్గరి చుట్టాలు కాబట్టి ఒకే ప్రైమర్ రెండుచోట్లా అతుక్కుని రెండు గీతలిస్తుంది. వరి పుస్తకం చదివి వేరుశనగ జెల్ చూస్తే అది విషమయుగ్మజంలా (ఒకే స్థానంలో తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరో రూపం అందుకున్నదానిలా) కనిపిస్తుంది. తేల్చడం తేలిక: అదే మొక్క గింజలు పది మొలకెత్తించి చూడండి. నిజంగా విషమయుగ్మజమైతే సంతతిలో సగం ఒంటి గీతలవ్వాలి. పదికి పదీ రెండు గీతలే వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి. అలా వస్తే అవి రెండు వేర్వేరు స్థానాలు, విత్తనం మంచిదే.

ప్రశ్న: టమాటా ఎఫ్2 (సంకరం రెండో తరం)లో 120 మొలకలు చూస్తే ఊదా కాండం 98, పచ్చ కాండం 22 వచ్చాయి. 90:30 రాలేదు. డేటా పారేయాలా?
– విద్యార్థిని, పలమనేరు

కై-స్క్వేర్ పరీక్ష చేసి చూద్దాం. 3:1 లెక్కన రావాల్సిన 90:30తో తేడా రెండువైపులా 8. వర్గం 64. 64ను 90తో భాగిస్తే 0.71, 30తో భాగిస్తే 2.13, మొత్తం 2.84. ఒక స్వేచ్ఛాంశానికి (డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్; రెండు రంగులే కాబట్టి ఒకటి) 5 శాతం హద్దు 3.84. లోపలే ఉంది, 3:1కు సరిపోతుంది. సరిగ్గా 90:30 వచ్చుంటేనే ఒకసారి అనుమానించాలి.

మొలవని గింజలెన్నో రాశారా? 150 వేసి 120 మొలిస్తే ఆ ముప్పై ఏ రంగువో తెలియదు. ఇంకొకటి, వెలుతురు చాలకపోయినా, వేడి ఎక్కువైనా ఊదా రంగు పాలిపోతుంది. అప్పుడు ఊదావాటిని పచ్చవిగా రాసేస్తాం. నీడలో పెంచిన ట్రేలో లెక్క తీయకండి.

ప్రశ్న: అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆర్ఈయూ పేరుతో మొక్కల జన్యుశాస్త్రం వేసవి శిక్షణ ఉందట. మేం పెట్టొచ్చా?
– విద్యార్థులు, చిత్తూరు

వాళ్ల నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్) ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. సమయం వృథా చేసుకోకండి.

ప్రశ్న: ఇల్లు కదలడానికి లేదు. ల్యాప్‌టాప్ ఉంది. దానితో ఏమైనా చేయొచ్చా?
– విద్యార్థిని, కుప్పం

చేయొచ్చు, అయితే 'బయోఇన్ఫర్మాటిక్స్ నేర్చుకుంటాను' అని కూర్చోకండి. చిన్న ప్రశ్న పెట్టుకోండి. ఉదాహరణకు 2008లో వచ్చిన మెరుగైన సాంబ మసూరిలో ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను మార్కర్ల సాయంతో చేర్చారు: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. వీటిలో ఎక్స్ఏ5 తేడా చాలా చిన్నది. ప్రొటీన్‌లో 39వ స్థానంలో వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం. 3 వేల వరి రకాల జన్యు డేటా ఉచితంగా దొరుకుతుంది. ఆ మార్పు ఏ రకాల్లో ఉందో వెతికి పట్టిక చేయండి, ఆ తేడాను పట్టే ప్రైమర్‌ను ప్రైమర్3 అనే ప్రోగ్రాంలో రూపొందించండి, డీఎన్ఏ వరుసలను పోల్చే బ్లాస్ట్‌లో అది వేరే చోట అతుక్కోవడం లేదని చూడండి. ప్రైమర్ చివరి అక్షరం సరిగ్గా మార్పు మీద పడాలి. ఆ పట్టిక, ఆ ప్రైమర్ జతచేసి వచ్చే అక్టోబరులో మెయిల్ పెడితే జవాబు వస్తుంది.

ప్రశ్న: శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఆకులు తెచ్చి జన్యువైవిధ్యం మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. ఆకులే కదా, ఎవరైనా అడ్డుచెబుతారా?
– బీఎస్సీ విద్యార్థి, తిరుపతి

చెబుతారు. రిజర్వు అడవిలోంచి ఆకైనా సరే, అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ఆ దరఖాస్తు మీ పేరుమీద కాదు, సంస్థ పేరుమీద గైడ్ పెట్టాలి. అనుమతి వచ్చేసరికి మీ సెలవులు అయిపోతాయి. కాబట్టి అనుమతి ఇప్పటికే ఉన్న ల్యాబ్‌ను వెతుక్కోండి, లేదా పట్టా భూముల్లో రైతులు వేసిన చెట్లు, నర్సరీ మొక్కలు, క్యాంపస్ చెట్ల నుంచి యజమాని అనుమతితో తీసుకోండి.

అప్పుడు ప్రశ్న మార్చుకోవాలి. ఒక తోటలోని ముప్పై చెట్లు ఒకే తల్లిచెట్టు గింజల నుంచి వచ్చి ఉండొచ్చు. వాటిలో వైవిధ్యం తక్కువ కనిపిస్తే 'ఎర్రచందనంలో వైవిధ్యం తక్కువ' అని రాయడం తప్పు. 'ఈ తోట ఎన్ని తల్లిచెట్ల సంతానం?' అని అడిగితే అదే డేటా నిజమైన జవాబిస్తుంది. మొక్కలు ఏ నర్సరీవో, గింజ ఎక్కడిదో యజమానిని అడిగి రాసుకోండి. ఆకులు మాత్రం మామిడిలాగే సతాయిస్తాయి, పై బఫరే వాడండి.